ఎం.ఏ. పాలిటిక్స్ రెండో ఏడాది: ఏ ఎలక్టివ్ తీసుకోవాలి?

ప్రతి ఏటా ఎలక్టివ్ ఫారాలు చేతికిచ్చిన రోజు సాయంత్రం నాకు ఫోన్లు మొదలవుతాయి. పలాస నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు, ఎచ్చెర్ల హాస్టల్ నుంచి నలుగురైదుగురు కలిసి స్పీకర్ పెట్టుకుని. అడిగేది ఒకటే: “మాస్టారూ, ఏ పేపర్లో మార్కులు బాగా ఏస్తారు?” ఫారం రెండు రోజుల్లో ఇచ్చేయాలి. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పలేని మాటలు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ మొదటి ఏడాదిలో మనం ఎంచుకునేది పెద్దగా ఏమీ ఉండదు. అందరికీ దాదాపు అవే పేపర్లు. రెండో ఏడాదికి వచ్చేసరికి తప్పనిసరి పేపర్ల పక్కన ఎలక్టివ్‌ల జాబితా కనిపిస్తుంది. పేర్లు యూనివర్సిటీని బట్టి, సిలబస్ మారిన ఏడాదిని బట్టి కొంచెం మారినా, తిప్పి తిప్పి ఇవే ఉంటాయి: స్థానిక ప్రభుత్వాలు, కేంద్ర–రాష్ట్ర సంబంధాలు లేదా భారత రాజకీయ ప్రక్రియ, పాశ్చాత్య రాజనీతి చింతన, భారత రాజనీతి చింతన, అంతర్జాతీయ సంబంధాలు, తులనాత్మక రాజకీయాలు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు ఇంత ఎంపిక ఉండదు. అయినా పీజీలో ఏ దారి పట్టాలో ఆలోచించుకోవడానికి వాళ్లకూ పనికొస్తుందనుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేపర్ పేరు చూస్తే అది మనకు సరిపోతుందో లేదో తెలియదు. ఆ పేపర్ మన చేత ఏ పని చేయిస్తుందో చూడాలి. కొన్ని పేపర్లు కూర్చోబెట్టి ఒకే పేజీని నాలుగుసార్లు చదివిస్తాయి. కొన్ని పంచాయతీ ఆఫీసు చుట్టూ తిప్పుతాయి. కొన్ని ఆరు నెలలపాటు రోజూ పత్రిక చదివిస్తాయి. ఆ పని మీకు నచ్చితే పేపర్ కష్టమైనా లాక్కొస్తారు. నచ్చకపోతే ఎంత స్కోరింగ్ పేపరైనా పరీక్ష ముందు వారం గైడు పట్టుకుని బట్టీ కొట్టడమే మిగులుతుంది.

నాకు అలాగే జరిగింది. నేను చదివిన చోట రూమ్మేట్లు ముగ్గురూ తీసుకున్నారని నేనూ ఒక ఎలక్టివ్ తీసుకున్నాను. ఆ పేపర్ చెప్పే గెస్ట్ లెక్చరర్ రెండో నెలలోనే వెళ్లిపోయారు, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. సెమిస్టరంతా జిరాక్స్ నోట్సు మీద నెట్టుకొచ్చాం. మార్కులు బాగానే వచ్చాయి. కానీ తర్వాత ఒక ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడు ఆ పేపర్ పేరు చూసి ఒక్క ప్రశ్న వేశారు. చెప్పడానికి నా దగ్గర ఒక్క సొంత మాట లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ నా విద్యార్థులకు కలగకూడదని కోరుకుంటాను.

లోకల్ గవర్నమెంటా, కేంద్ర–రాష్ట్ర సంబంధాలా?

మన జిల్లాల పిల్లలు ఎక్కువమంది తేలిగ్గా తీసేసే పేపర్ లోకల్ గవర్నమెంట్. “మన పంచాయతీ గురించి చదివేదేముంది మాస్టారూ, రోజూ చూస్తున్నదే కదా” అంటారు. రోజూ చూస్తున్నాం కాబట్టే ఈ పేపర్లో మనకు ఇంకెవరికీ లేని బలం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

సిలబస్‌లో ఉండేది తెలిసిందే. 1957 బల్వంతరాయ్ మెహతా కమిటీ, దాని తర్వాత 1959లో రాజస్థాన్ వెనకే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ మొదలుపెట్టడం, 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు రావడం, 1992లో పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, 1994లో మన పంచాయతీరాజ్ చట్టం. పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు. ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇది రాసి వస్తే పాసవుతారు, అంతే. ఈ పేపర్ అసలు పని ఆ 29 అంశాల జాబితా పట్టుకుని మీ ఊరి సచివాలయానికి వెళ్లినప్పుడు మొదలవుతుంది. తాగునీరు ఎవరి చేతిలో ఉంది? చెరువు వేలం డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? సర్పంచ్ సంతకం ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు? 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక సర్పంచ్‌కి ఏ పని మిగిలింది? ఈ ప్రశ్నలకు జవాబు పుస్తకంలో దొరకదు. మీ ఊళ్లో దొరుకుతుంది. మహిళా రిజర్వేషన్ మన రాష్ట్రంలో సగం సీట్లకు వచ్చింది. కుర్చీలో భార్య పేరుండి పనులన్నీ భర్త చక్కబెడుతున్న పంచాయతీ మీకు తెలిసే ఉంటుంది. తన పని తనే చేసుకుంటున్న సర్పంచ్ కూడా తెలిసే ఉంటుంది. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి రాసిన అసైన్‌మెంట్ నేను దిద్దాను. అందులో ఉన్నంత రాజనీతి శాస్త్రం చాలా పుస్తకాల్లో లేదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరో సంగతి, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణలిచ్చే రాజ్యాంగ ఐదో షెడ్యూల్. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల్లో గిరిజన గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 1996 పెసా చట్టం, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, వర్తిస్తుంది. భూమి బదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదు. కొండ దిగి కొంత దూరం వస్తే అదే తెగ మనుషులు, అదే పోడు, కానీ షెడ్యూల్ బయట ఉండిపోయిన గ్రామాలు కనిపిస్తాయి. అక్కడ ఆ రక్షణలు లేవు. ఒకే జనం, రెండు చట్టాలు. 1960ల చివర్లో శ్రీకాకుళం గిరిజన పోరాటానికి మూలమైన భూమి సమస్య నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో గనులను గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదన్న 1997 సమతా తీర్పు దాకా ఈ గీత చుట్టూనే ఎంతో చరిత్ర జరిగింది. ఈ పేపర్ తీసుకుని అలాంటి రెండు ఊళ్లను పోల్చి రాసే అవకాశం మెట్రో నగరాల్లో చదివే పిల్లలకు ఉండదు.

కేంద్ర–రాష్ట్ర సంబంధాల పేపర్ చేయించే పని వేరు. ఇక్కడ కాళ్లకు పని తక్కువ, కాగితాలకు పని ఎక్కువ. తీర్పులు, కమిషన్ నివేదికలు, అధికరణాలు. రాష్ట్రపతి పాలన గురించిన 356వ అధికరణం చదవాలంటే 1994 ఎస్.ఆర్. బొమ్మై కేసు చదవాలి. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ తొలగించడం, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి కావడం చదవకుండా గవర్నర్ పదవి గురించి రాయలేం. కేంద్ర–రాష్ట్ర సంబంధాలను సమీక్షించడానికి 1983లో వేసిన సర్కారియా కమిషన్‌ను చదువుతున్నప్పుడు దాని వెనక మన రాష్ట్ర రాజకీయాల ఒత్తిడి ఎంత ఉందో కనబడుతుంది.

ఈ పేపర్‌కీ మన దగ్గర సరుకు తక్కువేం కాదు. వంశధార నీళ్ల మీద ఆంధ్ర, ఒడిశాల వివాదానికి 2010లో ట్రైబ్యునల్ వేశారు, 2017లో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీకి దారి ఇచ్చింది. నది శ్రీకాకుళం రైతుది, చట్టం 1956 నాటి అంతర్‌రాష్ట్ర జలవివాదాల చట్టం, మధ్యలో ఇలాంటి నీటి తగాదాల కోసమే ఉన్న 262వ అధికరణం. సాలూరు వైపు కొటియా గ్రామాలది ఇంకో కథ. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన సరిహద్దు తగాదా అది. 2021లో అక్కడ మన ప్రభుత్వం పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ చేతిలో ఉన్న మనిషి ఏ రాష్ట్ర పౌరుడిగా బతుకుతున్నాడు అన్నది మంచి పరిశోధన ప్రశ్న.

ఒక పాత కేసు గురించి చెప్పకుండా ఉండలేను. 1957 ఎన్నికల్లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్టీ రిజర్వుడు సీటు. ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. మొదటాయనకు రిజర్వుడు సీటు, రెండో ఆయన డిప్పల సూరి దొరకు జనరల్ సీటు ఇచ్చారు. ఓడిపోయింది వి.వి. గిరి, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అనేది కనీసం ఇంత దక్కాలన్న హామీ, ఇంతకు మించి దక్కకూడదన్న హద్దు కాదు. ఇప్పటికీ రిజర్వేషన్ల చర్చలో నలిగే ఈ ప్రశ్నకు మన పార్వతీపురం ఓటర్లు అప్పుడే ఒక జవాబు ఇచ్చారు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు 1961లో రద్దయ్యాయి. రాజకీయ ప్రక్రియ పేపర్ తీసుకున్న ప్రతి విద్యార్థి చేతా ఈ తీర్పు చదివిస్తాను.

ఈ రెండిట్లో ఏది? ఊరివాళ్లతో మాట్లాడటం, ఆఫీసులో అడిగి కాగితం సంపాదించడం మీకు చేతనైతే లోకల్ గవర్నమెంట్ తీసుకోండి. జనంలోకి వెళ్లడం ఇబ్బందిగా ఉండి, ఒక తీర్పును పట్టుకుని గంటలు కూర్చోగలిగితే రెండోది. ఇంకా తేల్చుకోలేకపోతే ఒక సంఘటన మీద పరీక్షించుకోండి. 2020 మార్చిలో కరోనా పేరుతో రాష్ట్ర ఎన్నికల సంఘం స్థానిక ఎన్నికలు వాయిదా వేసింది. ఏప్రిల్లో ప్రభుత్వం కమిషనర్ పదవీకాలాన్ని తగ్గిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది చదవగానే మీకు రాష్ట్ర ఎన్నికల సంఘం గురించిన 243కె అధికరణం ఏం చెబుతుందో చూడాలనిపించిందా, లేక వాయిదా పడిన ఆ ఏడాది ఊళ్లో పనులు ఎవరు నడిపారో తెలుసుకోవాలనిపించిందా? ముందు ఏది అనిపిస్తే మీ పేపర్ అది.

వెస్ట్రన్ థాట్, ఇండియన్ థాట్

వెస్ట్రన్ థాట్ అంటే మన పిల్లలకు భయం. ప్లేటో నుంచి మార్క్స్ దాకా పేర్లు, ఇంగ్లీషులో మెలికల వాక్యాలు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు మరీ భయపడతారు. ఆ భయం తీసేయదగ్గదే. నేను చూసినంతలో తెలుగు మీడియం పిల్లలు ఈ పేపర్లో వెనకబడటానికి కారణం భాష కాదు. ప్రతి తత్వవేత్తనీ “జననం, రచనలు, సిద్ధాంతం, విమర్శ” అని ఒకే మూసలో చదవడం.

హాబ్స్‌నే తీసుకోండి. ఆయన రాసిన కాలంలో ఇంగ్లండు అంతర్యుద్ధంలో ఉంది. 1649లో రాజు తల నరికేశారు. 1651లో ఆయన గ్రంథం వచ్చింది. అధికారం కూలిపోతే పక్కింటివాడే శత్రువైపోతాడన్న భయం లోంచి ఆ సార్వభౌమాధికార సిద్ధాంతం పుట్టింది. ఈ సందర్భం తెలిస్తే సిద్ధాంతం బట్టీ పట్టక్కర్లేదు, దానంతట అదే వస్తుంది. జాన్ స్టువర్ట్ మిల్ దగ్గరికి వచ్చేసరికి మనకు ఇంకా దగ్గర విషయం ఉంది. 1859లో స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన ఆయన 1823 నుంచి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఉత్తర సర్కారులు, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం, ఆ కంపెనీ ఏలుబడిలోనే ఉన్నాయి. 1794లో పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. అలాంటి కంపెనీ లండన్ ఆఫీసులో కూర్చున్న మిల్, తన స్వేచ్ఛా సూత్రం “వెనకబడిన” సమాజాలకు వర్తించదని అదే గ్రంథంలో రాశాడు. ఇది క్లాసులో చెప్పినప్పుడు మందస నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “అంటే ఆ లెక్కలో మా తాతముత్తాతలకి స్వేచ్ఛ లేదనే కదండీ” అంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ అమ్మాయికి మిల్ అర్థమయ్యాడు, మిగతా క్లాసుకు కూడా. పరీక్షలో విమర్శ భాగం తన మాటల్లో రాసింది.

ఇండియన్ థాట్ తేలికని అనుకుని తీసుకునేవాళ్లు ఎక్కువ. పేర్లు తెలిసినవే: కౌటిల్యుడు, ఫూలే, తిలక్, గాంధీ, అంబేద్కర్, నెహ్రూ. తెలిసిన పేర్లే కావడం ఇక్కడ చిక్కు. ఆరో తరగతి నుంచి విన్న నాలుగు మాటలే ఎం.ఏ.లోనూ రాసేస్తారు. గాంధీ మీద స్కూల్ వ్యాసం రాస్తే ఇక్కడ మార్కులు పడవు. ఈ పేపర్ అడిగేది వాదన. 1891లో బ్రిటిష్ ప్రభుత్వం సమ్మతి వయసును, అంటే భర్తతో కాపురానికి ఆడపిల్లకు ఉండాల్సిన కనీస వయసును, పెంచుతూ చట్టం చేస్తుంటే తిలక్ ఎందుకు వ్యతిరేకించాడు, సంస్కర్తలు ఎందుకు సమర్థించారు? పరాయి ప్రభుత్వం చేసిన మంచి చట్టాన్ని ఒప్పుకోవాలా? మరుసటి ఏడాదే, 1892లో, విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి వేదికెక్కింది. ఆచారాన్ని చట్టంతో మార్చాలా, మనసు మార్చి మార్చాలా అన్న అదే ప్రశ్న ఇక్కడ గురజాడ నాటకంగా అడిగారు. విజయనగరంలో చదువుతూ ఈ రెండిటినీ కలిపి ఆలోచించకపోతే ఎంతో పోగొట్టుకున్నట్టే. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగం దొరుకుతుంది, చదవండి. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ వైరుధ్యంతో 1950 జనవరి 26న అడుగు పెడుతున్నామని ఆయన హెచ్చరించారు. ఆ ప్రసంగం చదివి మీకు నాలుగు ప్రశ్నలు పుడితే ఈ పేపర్ మీది.

రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే నేను వెస్ట్రన్ థాట్ వైపు మొగ్గుతాను. ఇండియన్ థాట్ తక్కువని కాదు. దాన్ని సొంతంగా కూడా చదువుకోవచ్చు, తెలుగులో సామగ్రి బోలెడుంది. హాబ్స్, రూసో, మిల్‌లను ఒంటరిగా చదవడం కష్టం. పక్కన చెప్పే మాస్టారు ఉన్నప్పుడే చదివేసుకోవాలి. ఆ పేపర్ చెప్పేవాళ్లు గట్టివాళ్లైతేనే సుమా. కాకపోతే ఈ సలహా పనిచేయదు, ఇండియన్ థాట్ తీసుకోండి.

ఐఆర్ మోజు

సివిల్స్ వీడియోలు చూసి ఐఆర్, అంటే అంతర్జాతీయ సంబంధాలు, తీసుకునేవాళ్లు ఈ మధ్య చాలామంది అయ్యారు. యుద్ధాలు, శిఖరాగ్ర సమావేశాలు చూస్తూ ఉత్సాహంగా మొదలుపెడతారు. సిద్ధాంతాల యూనిట్ దగ్గరికి, అంటే వాస్తవికవాదం, ఉదారవాదం దగ్గరికి వచ్చేసరికి సగంమంది డీలా పడతారు. ఐఆర్ అంటే వార్తలు కాదు, వార్తల వెనక ఉన్న లెక్క. రోజూ ఒక గంట పత్రిక చదివే ఓపిక, చదివినదాన్ని నోట్సులో తేదీ వేసి రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకే ఇది. మంచి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఆ మాట దాచను. నెలకు రెండు వ్యాసాలు డిక్షనరీ పక్కన పెట్టుకునైనా చదవగలను అనుకుంటే భయం లేదు.

విదేశాంగ విధానం ఎక్కడో ఢిల్లీలో జరిగేదని మాత్రం అనుకోవద్దు. 2018లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. ఆ ఏడాది పైచిలుకు కాలంలో ఐఆర్ సిలబస్ మొత్తం ఉంది. గుజరాత్, సింధ్ మధ్య సర్ క్రీక్ పాయ దగ్గర తేలని సరిహద్దు, 1982 సముద్ర చట్టాల ఒప్పందం, ఖైదీల జాబితాలు ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకోవాలన్న 2008 భారత్–పాక్ ఒప్పందం, పుల్వామా తర్వాత రెండు దేశాల మధ్య మాటలే లేని వాతావరణం, ఇన్నిటి మధ్య ఇంటి దగ్గర ఎదురుచూసిన ఆడవాళ్లు. అసలు మన తీరంలో సముద్రం ఉండగా గుజరాత్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది అన్న ప్రశ్న కూడా అందులోదే. అలాగే రణస్థలం మండలం కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదనను 2008 భారత్–అమెరికా పౌర అణు ఒప్పందం నుంచి విడదీసి చదవలేం. తీర గ్రామం నుంచి వచ్చిన విద్యార్థి ఐఆర్ తీసుకుంటే నాకు ప్రత్యేకంగా సంతోషం.

తులనాత్మక రాజకీయాలు, అదే కంపారిటివ్, గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, చైనా రాజ్యాంగాలను పక్కపక్కన పెట్టి చదివిస్తే బాగుంటుంది. చాలాచోట్ల ఒక్కో దేశాన్నీ విడివిడిగా చెప్పేసి పోలిక మీకే వదిలేస్తారు. సివిల్స్ ఆప్షనల్ రాద్దామనుకునేవాళ్లకు ఉపయోగమే. మిగతావాళ్లు వేరే మంచి పేపర్ దొరికితే అటే వెళ్లండి. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ శుభ్రమైన, క్రమమైన పేపర్. టేలర్, ఫేయోల్, వెబర్, సూత్రాలు, విమర్శలు. చదివిన మేరకు మార్కులు వస్తాయి, పెద్దగా ఆశ్చర్యపరచదు. ఇంట్లో బాధ్యతలుండి, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఉద్యోగాల లెక్క

ఇంట్లో అమ్మానాన్న అడిగేది ఇదే కాబట్టి దాటేయడం న్యాయం కాదు. గ్రూప్–2 మెయిన్స్ మొదటి పేపర్లో ఆంధ్రప్రదేశ్ సామాజిక సాంస్కృతిక చరిత్రతో పాటు భారత రాజ్యాంగం ఉంది. అందుకని కేంద్ర–రాష్ట్ర సంబంధాలు, స్థానిక ప్రభుత్వాలు రెండూ నేరుగా పనికొస్తాయి. సివిల్స్‌లో మన సబ్జెక్టు ఆప్షనల్ రెండు పేపర్లు. మొదటిదాంట్లో సిద్ధాంతం, పాశ్చాత్య, భారతీయ చింతన, భారత రాజకీయాలు. రెండోదాంట్లో కంపారిటివ్, అంతర్జాతీయ సంబంధాలు, భారత విదేశాంగ విధానం. డిగ్రీ లెక్చరర్ కావాలనుకుంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా రాష్ట్రస్థాయి సెట్ రాయాలి. నెట్ సిలబస్ పది యూనిట్లు, అందులో చింతనకే రెండు యూనిట్లు, ఒకటి పాశ్చాత్యం, ఒకటి భారతీయం. థాట్ పేపర్లు వదిలేసి నెట్‌కు కూర్చున్నవాళ్లు ఆ రెండు యూనిట్ల దగ్గరే ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

అయితే ఒక మాట. ఎలక్టివ్ పోటీ పరీక్షకు కోచింగ్ కాదు. పోటీ పరీక్ష సిలబస్ ఏదైనా తర్వాత ఆరు నెలల్లో చదువుకోవచ్చు. ఒక విషయాన్ని లోతుగా తవ్వడం ఎలాగో నేర్పే సమయం మళ్లీ రాదు. గ్రూప్స్ రాసి మంచి ఉద్యోగంలో ఉన్న నా పాత విద్యార్థి ఒకతను ఆ మధ్య కలిశాడు. తన పనిలో ఇప్పటికీ వాడుతున్నది లోకల్ గవర్నమెంట్ పేపర్ కోసం తమ పంచాయతీ లెక్కలు చదవడం నేర్చుకున్న పద్ధతేనని చెప్పాడు. ఆ పేపర్లో అతనికి వచ్చింది మామూలు మార్కులే.

ఫారం నింపే ముందు ఆ రెండు రోజులు

సీనియర్లను అడగండి, కానీ “స్కోరింగా?” అని అడగొద్దు. “పోయిన ఏడాది ఈ పేపర్‌కి ఎన్ని క్లాసులు జరిగాయి? ఎవరు చెప్పారు? ఇంటర్నల్‌కి ఏం చేయించారు?” అని అడగండి. ఈ మూడు జవాబులు వింటే సగం విషయం తేలిపోతుంది. కాగితం మీద ఎంత గొప్ప పేపరైనా చెప్పేవాళ్లు లేకపోతే లేనట్టే. ఈ ఏడాది ఎవరు చెబుతారో డిపార్ట్‌మెంట్‌లో నేరుగా అడగడం మీ హక్కు. మొహమాటపడొద్దు.

తర్వాత లైబ్రరీకి వెళ్లి గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు తీయండి. ప్రశ్నలు కమిటీ పేర్లు, సూత్రాల జాబితాలు అడుగుతున్నాయా, “పరిశీలించండి, చర్చించండి” అంటున్నాయా చూడండి. మొదటి రకం ప్రశ్నలున్న పేపర్లో జ్ఞాపకశక్తి మీ పని. రెండో రకంలో రాత మీ పని. మీరు రాయగలిగినవాళ్లైతే రెండో రకానికి భయపడాల్సింది లేదు. తెలుగు మీడియం వాళ్లు అదే రోజు లైబ్రరీలో ఆ పేపర్‌కి తెలుగు అకాడమీ పుస్తకం ఉందో లేదో కూడా చూసుకోండి. ఉంటే పది పేజీలు అక్కడే కూర్చుని చదవండి. పదో పేజీకి వచ్చాక ఇంకో పేజీ తిప్పాలనిపిస్తోందా లేదా అన్నది ఎవరూ మీకు చెప్పలేరు, మీకే తెలుస్తుంది.

ప్రయాణం సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. టెక్కలి, పాలకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్లేవాళ్లకు మూడు నాలుగు గంటలు దారిలోనే పోతాయి. ఫీల్డ్‌వర్క్ ఉన్న పేపర్ తీసుకుంటే ఆ ఊరు మీ ఊరే కావచ్చు, ఆదివారం చేసుకోవచ్చు. అది సుఖం. థాట్ పేపర్‌కి లైబ్రరీలో కూర్చునే సమయం కావాలి. రోజూ మూడున్నర బస్సు పట్టుకోవాల్సినవాళ్లకు అది దొరకదు. నిజాయితీగా ఆలోచించుకోండి.

రెండు ఎలక్టివ్‌లు ఎంచుకునే వీలుంటే, ఒకటి కాళ్లతో చేసేది, ఒకటి కూర్చుని చేసేది పెట్టుకోండి. లోకల్ గవర్నమెంట్‌తో వెస్ట్రన్ థాట్ నాకు అన్నిటికంటే నచ్చిన జత. గ్రామసభ రిజిస్టర్‌లో వేలిముద్రలు లెక్కపెట్టిన మనిషి రూసో చెప్పిన జనేచ్ఛను చదివితే ఆ చదువు వేరేగా ఉంటుంది. ఐఆర్‌తో కేంద్ర–రాష్ట్ర సంబంధాలు కూడా బాగుంటుంది. రెండిట్లోనూ ఒప్పందాలు, సరిహద్దులు, నీళ్లే. రెండు థాట్ పేపర్లు ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు. చదివేటప్పుడు ఇబ్బంది లేదు, పరీక్షల్లో ఒకరి మాట ఇంకొకరి పేరున రాసేస్తారు. డిసర్టేషన్ లేదా ప్రాజెక్టు ఎంచుకునే అవకాశం ఉంటే, దానికి దగ్గరగా ఉన్న ఎలక్టివ్‌నే తీసుకోండి, ఒకే శ్రమ రెండు చోట్ల ఉపయోగపడుతుంది.

ఫారం ఇచ్చాక మొదటి రెండు వారాలు క్లాసులు ఒక్కటి కూడా మానకండి. మూడో క్లాసుకే ఇది మన పేపర్ కాదని అనిపిస్తే లోలోపల కుమిలిపోవద్దు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి హెచ్ఓడీ గారి దగ్గరికి వెళ్లండి. పేర్లు యూనివర్సిటీకి వెళ్లేలోపు మార్పుకు చాలాసార్లు ఒప్పుకుంటారు. పరీక్ష ఫీజు కట్టే సమయానికి వచ్చి అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.